మోడల్‌లో చెట్టు, మిద్దె మీద మొలక: కడప ల్యాండ్‌స్కేప్ విద్యార్థికి ఒక పని క్రమం

ల్యాండ్‌స్కేప్ (తోటలు, పార్కుల వంటి బయటి స్థలాల) డిజైన్ స్టూడియోలో మొదటిసారి మోడల్, అంటే స్థలానికి చిన్న నమూనా, చేసే విద్యార్థులు భవనం గోడలను మిల్లీమీటరు తేడా లేకుండా కోస్తారు. చెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంగడిలో దొరికే పచ్చ స్పాంజి ఉండలను ఖాళీ కనిపించిన చోటల్లా అతికించి పని ముగిస్తారు. ఆ ఉండ ఏ చెట్టు, దాని వయసు ఎంత, మే నెల సాయంత్రం దాని నీడ ఎక్కడ పడుతుంది అని జ్యూరీలో (పనిని చూసి మార్కులు వేసే పరీక్షకుల ముందు) ఎవరైనా అడిగితే జవాబు ఉండదు. కడప లాంటి ఊళ్లో ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని మోడల్ ఎంత అందంగా ఉన్నా డిజైన్ కాదని నా అభిప్రాయం. ఇక్కడ చెప్పే పద్ధతిలో మోడల్‌లో పెట్టదలచిన ప్రతి జాతి చెట్టునూ ముందు ఊళ్లో కొలుస్తారు, వాటిలో రెండు మూడు జాతులనైనా ఇంట్లో గింజ నుంచి పెంచుతారు, ఆ రెండు చోట్లా దొరికిన కొలతలతోనే మోడల్ చెట్లను తయారు చేస్తారు.

చెట్టును కొలవడం

పరికరాలు పెద్దగా అక్కరలేదు. మీటరు పొడవున్న కర్ర, కొలత టేపు, పుస్తకం చాలు. ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో, సమతలంగా ఉన్న నేల మీద కర్రను నిలువుగా పాతి దాని నీడ కొలవాలి. వెంటనే చెట్టు మొదలు నుంచి నీడ చివరి దాకా కొలవాలి. కర్ర నీడ 1.4 మీటర్లు, చెట్టు నీడ 12.6 మీటర్లు వస్తే చెట్టు ఎత్తు 9 మీటర్లు. గుండ్రంగా, విశాలంగా కొమ్మలు చాచిన వేప వంటి చెట్టుకు ఈ లెక్క అసలు ఎత్తు కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే నీడ అంచు చెట్టు నడినెత్తి నుంచి కాక పక్క కొమ్మల నుంచి పడుతుంది. కాబట్టి చెట్టు పక్కన ఒక స్నేహితుణ్ణి నిలబెట్టి దూరం నుంచి ఫొటో తీసి, మనిషి ఎత్తుతో సరిచూసుకోవడం మంచిది.

ఎత్తుతో పాటు మరో రెండు కొలతలు తప్పనిసరి. కొమ్మల విస్తారాన్ని తూర్పు పడమరగా ఒకసారి, ఉత్తర దక్షిణాలుగా ఒకసారి కొలిచి సగటు తీయాలి. నేల నుంచి మొదటి కొమ్మ దాకా ఉన్న ఎత్తును విడిగా రాసుకోవాలి. చాలా మంది వదిలేసేది ఈ చివరి కొలతనే. మనిషి తల వంచకుండా చెట్టు కిందికి నడవగలడా, సాయంత్రపు ఎండ కొమ్మల కింది నుంచి చొరబడుతుందా అన్నది తేల్చేది అదే. పుస్తకాల్లో ఉండే గరిష్ఠ ఎత్తులను మోడల్‌లోకి ఎక్కించవద్దు. గరుసు నేలలో, రోడ్డు పక్క, కరెంటు తీగల కింద పెరిగిన మన కానుగ ఎంత ఎత్తుంటుందో మన వీధి కానుగే చెబుతుంది. ఒక్కో జాతికి మూడు నాలుగు చెట్లయినా కొలవండి. లేత చెట్లు, ముదురు చెట్లు రెండూ అందులో ఉండాలి.

అడుగు పలక, నేల మట్టం

పక్కకు 60 మీటర్లున్న చదరపు స్థలానికి 1:100 స్కేలు (అసలు మీటరును ఒక సెంటీమీటరుగా చూపేది) అనుకూలం. మోడల్ 60 సెంటీమీటర్ల చదరం అవుతుంది, బస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకెళ్లవచ్చు. అంతకంటే పెద్ద స్థలమైతే 1:200కు మారాలి. ఆ స్కేలులో కూర్చునే బల్లలు, మెట్ల వంటి చిన్న వివరాలు చూపడం కష్టం కనుక, ముఖ్యమైన ఒక మూలను మాత్రం 1:50లో విడిగా చేయడం మేలు.

కాంటూర్లకు (నేల ఎత్తుపల్లాలను చూపే పొరలకు) 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డ్ (తేలికైన నురుగు పలక) వాడితే 1:100లో ఒక్కో పొర అర మీటరు ఎత్తుకు సమానం. ఈ లెక్క ముందే చూసుకుని బోర్డు కొనాలి. ఇంట్లో ఏ మందం ఉంటే అది వాడి తర్వాత వాలును దానికి సర్దడం తలకిందుల పని. పొరలను అడుగు దాకా పూర్తిగా పేర్చనక్కరలేదు. పై పొర అంచు కింది పొర మీద రెండు సెంటీమీటర్లు ఆనితే చాలు, మధ్యలో బోర్డు ముక్కలతో ఆసరా ఇవ్వవచ్చు. బరువు, ఖర్చు రెండూ తగ్గుతాయి. మౌంట్ బోర్డును (మందపాటి అట్టను) ఫెవికాల్‌తో అతికించి ఫ్యాను కింద వదిలేస్తే, ఎండాకాలం మన పొడి గాలికి అంచులు పైకి లేస్తాయి. పలుచగా పూసి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచాలి. థర్మోకోల్ వాడిన చోట స్ప్రే పెయింటు, రబ్బరు సొల్యూషన్ దగ్గరికి రానీయకండి, అది కరిగి గుంటలు పడుతుంది.

చివరి మోడల్ మొదలుపెట్టే ముందు అదే వాలును బంకమట్టితో చిన్నగా చేసి చూడండి. పైనుంచి స్ప్రే సీసాతో నీళ్లు చల్లితే వాన నీరు ఎటు పారుతుందో, ఎక్కడ నిలుస్తుందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. కడప ప్రాంతంలో ఏడాదికి కురిసేది సుమారు 700 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపే. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్ల నీరు కిందికి దిగుతుంది. ఆ నీరు దిగే గొట్టం ఎక్కడుందో, మట్టి మోడల్‌లో నీరు ఎక్కడ నిలిచిందో చూసిన తర్వాతే చెట్ల గుంతల స్థానాలు గుర్తించడం న్యాయం.

నేల రంగు కోసం ఎర్రమట్టినే వాడవచ్చు. అయితే 1:100లో ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు అసలు స్థలంలో పది సెంటీమీటర్ల రాయి లాగా కనిపిస్తుంది. అందుకే టీ జల్లెడతో ఆపకుండా, పలుచని పాత చీర గుడ్డలో పోసి తట్టి, కిందికి రాలిన మెత్తటి పొడిని మాత్రమే ఫెవికాల్ పూసిన చోట చల్లాలి. కడప బండలు పరిచిన దారిని చూపాలంటే ముదురు బూడిద రంగు మౌంట్ బోర్డు మీద 6 మిల్లీమీటర్ల దూరంలో మొనదేలిన పెన్సిల్‌తో గీతలు గీస్తే రెండడుగుల బండల పరుపు సరిగ్గా వస్తుంది. ఆ నల్లబండ ఎండకు ఎంత కాగుతుందో చెప్పుల్లేకుండా నడిచిన వాళ్లకు తెలుసు. మోడల్‌లో బండ పరిచిన ప్రతి చోటా నీడ ఎక్కడి నుంచి వస్తుందో చూపకపోతే ఆ దారి మే నెలలో పనికిరాదు.

ఒకే గుంతకు రెండు చెట్లు

ఈ పద్ధతిలో అసలు కీలకం ఇదే. మోడల్ చెట్లను జిగురుతో శాశ్వతంగా అతికించకండి. చెట్టు పెట్టవలసిన ప్రతి చోట దబ్బనంతో సన్నని రంధ్రం చేసి, చెట్టు కింద తీగ మొనను అందులో దించేలా ఏర్పాటు చేయండి. ఒక్కో రంధ్రానికి రెండు చెట్లు తయారు చేయాలి. ఒకటి నాటిన రోజు మొక్క, మరొకటి మీరు ఊళ్లో కొలిచిన ముదురు చెట్టు. 1:100లో మీటరు మొక్క ఒక్క సెంటీమీటరే ఉంటుంది, పక్కన పెట్టిన మనిషి బొమ్మ నడుము దాటి కాస్త పైకి వస్తుందంతే. ముదురు చెట్లన్నీ తీసేసి ఈ చిన్న మొక్కలను గుచ్చి చూసినప్పుడు, మీరు గీసిన తోట మొదటి ఐదేళ్లు ఎంత బోసిగా ఉంటుందో కళ్లకు కడుతుంది. ఆ ఐదేళ్లకు పందిరి వేయాలా, త్వరగా ఎదిగే అవిసె, మునగ వంటివి తాత్కాలికంగా నాటాలా, చెట్లకు బదులు కొన్ని చోట్ల గోడ నీడను వాడుకోవాలా అన్న ఆలోచన అక్కడి నుంచి మొదలవుతుంది.

ముదురు చెట్టు చేయడానికి పనికిరాని కరెంటు వైరులోని రాగి తీగలు చక్కగా సరిపోతాయి. 9 సెంటీమీటర్ల చెట్టుకు 13 సెంటీమీటర్ల పొడవున పది పన్నెండు తీగలు కోసి, కింద ఒక సెంటీమీటరు మొన వదిలి, మీరు రాసుకున్న మొదటి కొమ్మ ఎత్తు దాకా గట్టిగా మెలితిప్పాలి. అక్కడి నుంచి మూడు పాయలుగా విడదీసి, ఒక్కో పాయను మళ్లీ మెలితిప్పి చీల్చుతూ పోవాలి. తీగ పొడవు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ తీసుకున్నది కింది మొన కోసం, మెలికల్లోను, వంపుల్లోను పోయే భాగం కోసం. కొమ్మలు మీరు కొలిచిన విస్తారానికి వంచిన తర్వాత చివర్లకు ఫెవికాల్ పూసి, వాడి ఆరబెట్టిన టీ పొడిలో గానీ, రంగు కలిపిన రంపపు పొట్టులో గానీ ముంచాలి. ఆకు దట్టంగా ఉండే కానుగకు రెండు సార్లు ముంచాలి. రేలకు ఒక్కసారి చాలు. వేసవిలో ఆకు రాలి పసుపు పూలతో నిలిచే చెట్టది, కనుక నీడ కోసం దాని మీద ఆధారపడకూడదన్న సంగతి మోడల్‌లోనే తెలియాలి. తీగ పని ఓపిక లేనివారు ఎండిన గోరింటాకు కొమ్మల కొసలు వాడవచ్చు. వాటి సన్నని చీలికలు ఈ స్కేలుకు బాగా నప్పుతాయి.

తర్వాత నీడ పరీక్ష. కడప సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో నడి మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల ఎత్తున ఉంటాడు, 8 మీటర్ల చెట్టు నీడ ఉత్తరానికి సుమారు 6 మీటర్లు పడుతుంది. జూన్ మూడో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి కొద్దిగా ఉత్తరంగా ఉంటాడు కాబట్టి అదే చెట్టు నీడ దక్షిణానికి మీటరుంపావు మాత్రమే. మనకు అన్నిటికంటే ముఖ్యమైనది మే నెల సాయంత్రం నాలుగు గంటలు. అప్పుడు సూర్యుడు పడమటన, కొంచెం ఉత్తరంగా, సుమారు 35 డిగ్రీల ఎత్తున ఉంటాడు. 8 మీటర్ల చెట్టు నీడ తూర్పుకు 11 మీటర్ల దాకా సాగుతుంది.

దీన్ని గదిలోనే చూడవచ్చు. లైట్లు ఆర్పి, మోడల్ మధ్య నుంచి పడమటికి 2 మీటర్ల దూరంలో, మోడల్ మట్టానికి 1.4 మీటర్ల ఎత్తున ఫోను టార్చి పట్టుకుంటే ఆ 35 డిగ్రీల కోణం వస్తుంది. టార్చి మరీ దగ్గరైతే నీడలు విసనకర్రలా విప్పారి లెక్క తప్పుతుంది. ఇలా చూసినప్పుడు ఒక విషయం స్పష్టంగా తెలుస్తుంది. చెట్టు మొదట్లో కట్టిన అరుగు మీద నాలుగు గంటలకు నీడ ఉండదు, ఎండ కొమ్మల కింది నుంచి నేరుగా కూర్చున్న వాళ్ల ముఖం మీదికి వస్తుంది. ఆ వేళ కూర్చోవడానికి బల్ల వేయాలంటే చెట్టుకు తూర్పున ఆరు మీటర్ల దూరంలో వేయాలి. చెట్టు చుట్టూ గుండ్రంగా అరుగు కట్టడం చూడ్డానికి బాగుంటుంది, పొద్దున పది నుంచి రెండు దాకా పనికొస్తుంది కూడా. కానీ మన ఊళ్లో జనం పార్కుకు వచ్చేది ఆ వేళల్లో కాదు.

మిద్దె మీద నారు

మోడల్ పని సాగుతుండగానే గింజలు నాటాలి. మొదటి ప్రయత్నానికి వేప, కానుగ, రేల మూడూ సరిపోతాయి. మూడింటి గింజలూ ఊళ్లోనే దొరుకుతాయి, మూడింటి స్వభావమూ వేరు. ఎర్రచందనం పెంచాలన్న ఉబలాటం మన ప్రాంతపు విద్యార్థులకు ఉండడం సహజమే కానీ, దాని కాయలు మొలకెత్తడం కష్టం, పైగా కడప దగ్గరి పాలకొండల అడవుల్లోకి వెళ్లి ఏరుకు రావడం చట్టరీత్యా ఇబ్బంది. మొక్క కావాలంటే అటవీ శాఖ నర్సరీలో అడగండి.

వేప గింజకు ఆయుష్షు తక్కువ. వేసవి చివర పండి రాలిన పండ్లను ఏరి, ఆ రోజే గుజ్జు పిసికి కడిగి, నీడలో ఒకటి రెండు రోజులు ఆరబెట్టి, రెండు వారాల లోపే నాటేయాలి. డబ్బాలో దాచి మూడు నెలల తర్వాత నాటితే మొలిచేవి బహు తక్కువ. మంచి గింజలు ఒకటి నుంచి మూడు వారాల్లో మొలుస్తాయి. తొలి ఆకులు మనం ఎరిగిన వేపాకు రూపంలో ఉండవు, మూడు భాగాలుగా చీలి ఉంటాయి. కలుపు మొక్క అనుకుని పీకేయవద్దు.

కానుగ గింజ పెద్దది, కొన్ని నెలలు నిలవ ఉంటుంది. కాయ పెంకు తీసి, రాత్రంతా నానబెట్టి, రెండు సెంటీమీటర్ల లోతున నాటితే చాలు. రెండు వారాల్లో మొలక పైకి వస్తుంది.

రేల మాత్రం ఓపికను పరీక్షిస్తుంది. మూరెడు పొడవున్న నల్లటి కాయను పగలగొడితే లోపల నాణేల దొంతరలాంటి అరల్లో, ఒక్కో అరకు ఒక్కో గింజ, జిగట గుజ్జుతో ఉంటుంది. ఆ గింజ పైపొట్టు నీటిని లోపలికి పోనివ్వదు, ఊరికే నాటితే నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. కడిగి ఆరబెట్టిన గింజను వేళ్ల మధ్య పట్టుకుని, మొలక వచ్చే మొన వైపు కాకుండా దానికి ఎదుటి అంచున, గోళ్లు తీసే కట్టర్‌తో లోపలి లేత రంగు చుక్కంత కనబడే దాకా పొట్టు మాత్రమే చిదమాలి. మోడల్ పనికి తెచ్చిన గరుకు కాగితంతో రుద్దినా సరే. తర్వాత రాత్రంతా నీళ్లలో వేస్తే తెల్లవారేసరికి సరిగ్గా చిదిమిన గింజలు ఉబ్బి రెట్టింపు లావవుతాయి. ఉబ్బని వాటిని మళ్లీ చిదిమి నానబెట్టాలి. ఉబ్బినవాటిని ఒక సెంటీమీటరు లోతున నాటాలి.

కూరగాయల నారుకు వాడే 98 గుంటల ప్రోట్రేలు ఈ చెట్లకు పనికిరావు. వీటి తల్లివేరు మొదటి వారాల్లోనే లోతుకు దిగుతుంది. గుంట అడుగు తగిలితే చుట్టలు చుట్టుకుంటుంది, ఆ చుట్ట నేలలో నాటిన తర్వాత కూడా విప్పుకోదు. అడుగున, పక్కల రంధ్రాలున్న, 9 అంగుళాల లోతైన పాలిథిన్ సంచులు కొనండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, గుప్పెడు వేప పిండి చేర్చి నింపాలి. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి, చెదలు పడతాయి. ఎరువులో ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం) కలిపి వారం పాటు తడిగా, నీడన ఉంచి వాడితే నారుకుళ్లు తగ్గుతుంది. మొలకలు నేల మట్టం దగ్గర నల్లబడి, సన్నగిల్లి పడిపోతుంటే అది నారుకుళ్లే. పడిపోయిన సంచులను దూరంగా తీసేసి, మిగిలిన వాటికి నీళ్లు తగ్గించాలి.

మిద్దె సిమెంటు వేసవిలో కాళ్లు పెట్టలేనంతగా కాగుతుంది కనుక సంచులను నేరుగా దాని మీద పెట్టకూడదు. ఇటుకలు పరిచి వాటి మీద గోనె సంచి వేసి, ఆపైన వరసగా దగ్గర దగ్గరగా పేర్చాలి. తూర్పు ఎండ తగిలి, పడమటి గోడ నీడ పడే మూల శ్రేష్ఠం. మొదటి రెండు నెలలు 50 శాతం షేడ్ నెట్ కట్టాలి. జూన్, జూలైలలో వీచే పడమటి గాలి నెట్‌ను చింపేంత బలంగా ఉంటుంది, నాలుగు మూలలా బిగించి కట్టండి. ఉడతలకు లేత మొలకలంటే ఇష్టం, ఇనుప జాలీ కప్పితే పీడ వదులుతుంది.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే వీధుల్లో సంచి మట్టి మీద కొద్ది వారాల్లోనే తెల్లటి పొర కనిపిస్తుంది, ఆకుల కొసలు మాడతాయి. వాన నీరు పట్టి నిలవ ఉంచుకోవడం మంచిది. అది లేనప్పుడు వారానికి ఒకసారి అడుగు రంధ్రాల నుంచి నీరు ధారగా కారేలా పోస్తే ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. మిగతా రోజుల్లో మట్టిలోకి వేలు దించి, రెండో కణుపు దాకా పొడిగా ఉంటేనే పోయాలి.

నారు నుంచి డ్రాయింగుకు

ప్రతి ఆదివారం స్కేలు పక్కన పెట్టి ఒక్కో మొక్క ఫొటో తీసి, ఎత్తు, ఆకుల సంఖ్య రాయండి. రెండు నెలలు నిండాక ఒక్కో జాతిలో ఒక మొక్కను త్యాగం చేయక తప్పదు. సంచిని నిలువుగా కోసి, బకెట్ నీళ్లలో మట్టిని మెల్లగా కడిగి, వేరును తెల్ల కాగితం మీద పరచి కొలవండి. తల్లివేరు కాండం కంటే పొడవుగా ఉండడం, సంచి అడుగున వంగిన చోటు, పక్క వేళ్లు మొదలయ్యే లోతు మూడూ గీసుకోవాలి. సెక్షన్ డ్రాయింగులో (స్థలాన్ని నిలువుగా కోసినట్టు చూపే గీతల్లో) చెట్టు కింద మట్టిని ఒక గీతతో సరిపెట్టే అలవాటు ఈ పనితో పోతుంది. ఆ వేరును చూసినవారు పైపుల మీద, నీళ్ల తొట్టి గోడ పక్కన వేపను గీయరు.

మూడో నెల నుంచి షేడ్ నెట్‌ను మొదట ఉదయం గంటసేపు, తర్వాత మధ్యాహ్నం దాకా తీస్తూ మొక్కలను ఎండకు అలవాటు చేయాలి. సంచుల స్థానాన్ని నెలకోసారి మార్చకపోతే వేళ్లు గోనె సంచిని చీల్చుకుని పోతాయి. జూలైలో నాటిన వేప విత్తనం మొక్క ఆ ఏడాది జ్యూరీ నాటికి చిన్నదిగానే ఉంటుంది, దాన్ని మరుసటి వానాకాలం దాకా సంచిలోనే పెంచాలి. అంతకు ముందే సంచి చాలకపోతే పెద్ద సంచిలోకి మార్చాలి.

నేలలో నాటడానికి రెండు మంచి వానలు పడి మట్టి లోతుగా తడిసిన తర్వాత, జూలై నుంచి సెప్టెంబరు లోపు సమయం తగినది. గుంత 45 సెంటీమీటర్ల ఘనం, గరుసు తగిలితే 60. వేసవిలోనే తవ్వి ఎండనిచ్చి, పైమట్టిని ఎరువుతో కలిపి అడుగున వేయాలి. సంచిని చింపి తీసి, వేరు చుట్టుకుని ఉంటే ఆ చుట్టను కత్తిరించి నాటాలి. గుంత చుట్టూ వాలుకు ఎగువ వైపు తెరిచిన అర్ధచంద్రాకారపు కట్ట వేస్తే పారే వాన అందులో నిలుస్తుంది. మోడల్‌లో ఆ కట్టను మౌంట్ బోర్డు అంచుతో చూపవచ్చు. మొదటి రెండు వేసవుల్లో వారానికి ఎన్నిసార్లు, ఎవరు, ఏ కుళాయి నుంచి నీళ్లు పోస్తారన్నది మీ నాటు ప్లాను పక్కన పట్టికగా రాయండి. కుళాయి స్థానాన్ని మోడల్‌లో చుక్కతో గుర్తించి, అక్కడి నుంచి అతి దూరపు మొక్క దాకా పైపు పొడవును స్కేలుతో కొలిచి ఆ పట్టికలోనే వేయండి.